పాత బ్రష్ కట్టర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

మామిడి, బత్తాయి, ఆయిల్ పామ్ తోటల్లో కలుపు కోతకు బ్రష్ కట్టర్ వినియోగం విస్తరించింది. నాలుగైదు సీజన్లు పనిచేసిన యంత్రం తాడు పదిసార్లు లాగినా అందుకోకపోతే రైతు దానిని మెకానిక్‌కు అప్పగించడమో, దుకాణానికి వెళ్ళి కొత్తది తెచ్చుకోవడమో చేస్తున్నాడు. ఈ రెండింటి మధ్య నిర్ణయం సాధారణంగా లెక్కతో కాక విసుగుతో జరుగుతోంది.

ముందుగా లోపం ఎక్కడుందో తేల్చాలి. ఎయిర్ ఫిల్టర్ పూడిపోవడం, స్పార్క్ ప్లగ్‌పై మసి పేరుకోవడం, పెట్రోలు గొట్టం పగలడం, కార్బ్యురేటర్‌లోని పలుచని పొర గట్టిపడటం స్వల్ప ఖర్చుతో సరిచేయదగినవి. 'ఇంజను పోయింది' అని తేల్చిన యంత్రాల్లోనూ కొన్నింటి జబ్బు ఇంతే. సైలెన్సర్ విప్పితే ఆ రంధ్రం గుండా పిస్టన్ కనిపిస్తుంది. దానిపై నిలువుగా లోతైన గీతలుంటే నూనె కలపని పెట్రోలుతో నడిపినట్లు అనుమానించవచ్చు. అప్పుడు సిలిండర్, పిస్టన్, రింగులు మార్చవలసిందే. క్రాంక్ కేసు పగిలినా, క్రాంక్ షాఫ్ట్ బేరింగులు వదులైనా మరమ్మతు ఆశ దాదాపు వదులుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొత్త యంత్రం ధర 18,000 రూపాయలు, ఆయుర్దాయం 1,200 గంటలు, చివరి విలువ 1,800 రూపాయలు అనుకుంటే గంటకు తరుగుదల 13.50 రూపాయలు. ఏడాదికి 200 గంటల వాడకంపై, సగటు పెట్టుబడికి 10 శాతం వడ్డీ కలిపితే 18.45 అవుతుంది. పాత యంత్రానికి 4,500 రూపాయల మరమ్మతు చేయిస్తే మరో 500 గంటలు పనిచేస్తుందనుకుందాం. ఇప్పుడున్నది ఉన్నట్లు అమ్మితే 1,500 రూపాయలు, ఆ 500 గంటల తరువాత 500 రూపాయలు వస్తాయి. ఇదే పద్ధతిలో వడ్డీతో సహా గంటకు సుమారు 12.60 రూపాయలు పడుతుంది. నిరుడు దానిపై పెట్టిన ఖర్చుకు ఈ లెక్కలో చోటు లేదు. 'అంత పెట్టాం కదా' అనే మమకారమే ఇక్కడ ఎక్కువగా దారి తప్పిస్తుంది.

ఇంతవరకు మరమ్మతే మేలు. అయితే రెండింటి తేడా గంటకు ఆరు రూపాయల లోపే. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుంటే, పాత యంత్రం గంటకు 53 మిల్లీలీటర్లు అదనంగా తాగితే ఆ లాభం పూర్తిగా హరించుకుపోతుంది. కాబట్టి మరమ్మతు తరువాత ఇంధన ఖర్చును కొలవడం తప్పనిసరి. ట్యాంకు అంచు వరకు నింపి, ఒకే రకమైన కలుపులో గంటసేపు కోసి, కొలజాడీతో తిరిగి నింపితే సరిపోతుంది. అదే మోడల్ కొత్త యంత్రంతో పోల్చినప్పుడే ఈ అంకెకు అర్థం ఉంటుంది. వాడకం ఏడాదికి 100 గంటలకు తగ్గితే వడ్డీ భారం కొత్త యంత్రంపైనే ఎక్కువగా పడుతుంది గనుక తరాజు మరమ్మతు వైపు మొగ్గుతుంది.

రాయితీ ఈ లెక్కను తలకిందులు చేయగలదు. వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద 40 శాతం రాయితీ లభించి రైతు చెల్లించేది 10,800 రూపాయలే అయితే కొత్త యంత్రం ఖర్చు గంటకు 10.65 రూపాయలకు దిగుతుంది. బాగుపడే యంత్రాలు తుక్కుకు చేరడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. రాయితీ మంజూరు కోసం కలుపు ఆగదు. ఆ ఎదురుచూపులో కూలీలకయ్యే వ్యయాన్ని కూడా కొత్త యంత్రం ఖాతాలోనే రాయాలి.

బ్లేడు రక్షణ కవచం, ఆపే స్విచ్ లేని యంత్రాన్ని ఏ లెక్కతోనైనా పనిలోకి దించరాదు. ఇవి చవకైన భాగాలే; కానీ మెకానిక్ బిల్లులో అరుదుగా కనిపిస్తాయి. మరమ్మతు చేయించాలని నిర్ణయించినప్పుడు సీజను ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేవరకు నడిపించాలని రైతుకు చెప్పాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిల్వ ఉంటే కొత్తగా వేయించిన కార్బ్యురేటర్ పొర కూడా పాడవుతుంది.