పొట్ట చెప్పే లెక్క

"ఐదో నెలా? అస్సలు కనబడట్లేదే!" అంటారు ఒకరు. "ఇంత పొట్టేమిటే, కవలలేమో డాక్టర్నడిగావా?" అంటారు ఇంకొకరు. "పొట్ట ముందుకే ఉంది, మగపిల్లాడే" అని పక్కింటి పిన్నిగారు తేల్చేస్తారు. నెల తప్పిన సంగతి తెలిసిన దగ్గర్నుంచి పురుడయ్యేదాకా ఆ అమ్మాయి పొట్ట ఊరందరి సొత్తు. ఆ మాటలు విన్న తొలిచూలు పిల్ల రాత్రంతా నిద్రపోదు.

అసలు లోపల ఏం జరుగుతోంది? మామూలప్పుడు గర్భసంచి బరువు 50 నుంచి 70 గ్రాములు. నెలలు నిండేసరికి అదొక్కటే దాదాపు కిలో తూగుతుంది. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి అయిదు లీటర్ల దాకా పట్టేంతగా సాగుతుంది.

మూడో నెల దాకా అది కటి ఎముకల మధ్యే ఒదిగి ఉంటుంది. అప్పుడే చుడీదార్ బిగుతైందంటే, అది చాలావరకు బిడ్డ వల్ల కాదు. హార్మోన్ల ప్రభావంతో పేగుల కదలిక మందగించి కడుపు ఉబ్బరిస్తుంది. 12 వారాలకు గర్భసంచి పైఅంచు పొత్తికడుపు కింది ఎముక దాటి చేతికి తగులుతుంది. 20 వారాలకు బొడ్డు దగ్గరికి, 36 వారాలకు ఛాతీ ఎముక కిందికి చేరుతుంది. జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది కాబట్టే రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది, గుండెల్లో మంట, ఆయాసం. తొలిచూలులో చివరి వారాల్లో బిడ్డ తల కిందికి దిగుతుంది. 'కడుపు జారింది' అని ఇంట్లో పెద్దవాళ్ళు అనేది దీన్నే. ఊపిరి తేలికవుతుంది, బాత్రూముకి తిరగడం మాత్రం పెరుగుతుంది. మలిచూలులో చాలామందికి నొప్పులు మొదలయ్యేదాకా తల దిగదు.

చర్మం మీద బొడ్డు మీదుగా నల్లటి గీత పడుతుంది, కాన్పయ్యాక మెల్లగా వెలిసిపోతుంది. చర్మం సాగి పడే చారలు పూర్తిగా పోవు, రంగు తేలిపోతాయంతే. వాటిని రానివ్వదని గట్టిగా చెప్పగల క్రీము ఏదీ లేదు. సాగిన చర్మం దురద పెట్టడం మామూలే. కానీ చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు విపరీతంగా దురద పెడితే అది కాలేయం ఇబ్బంది కావచ్చు. కొబ్బరినూనె రాసి ఊరుకోకూడదు.

మరి ఒకే నెలలో ఉన్న ఇద్దరి పొట్టలు ఒకేలా ఎందుకుండవు? మొదటిసారి పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి, అందుకని ఆలస్యంగా బయటపడుతుంది. రెండోసారి అవి వదులై ఉంటాయి, ముందే తెలిసిపోతుంది. పొట్టిగా ఉన్నవాళ్ళకు పైకి చోటు తక్కువ, పొట్ట ముందుకొస్తుంది. బిడ్డ అడ్డం ఉంటే పక్కలకు వెడల్పవుతుంది. ఆడా మగా అన్నదానికీ పొట్ట ఆకారానికీ ఏ సంబంధమూ లేదు. స్కానింగ్‌లో చూసి చెప్పడాన్ని 1994 నాటి చట్టం నేరమంది. పొట్ట చూసి చెప్పేవాళ్ళ మీద కేసు ఉండదు కానీ, ఇద్దరు ఆడపిల్లల తల్లి ముందు ఆ మాట అనడం మాత్రం క్రూరత్వమే.

కంటి అంచనా కంటే వెయ్యి రెట్లు నయం దర్జీ దగ్గరుండేలాంటి టేపు. మూత్రానికి వెళ్ళొచ్చి పడుకుంటే, కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా నర్సమ్మ కొలుస్తుంది. 24 వారాల తర్వాత ఎన్ని వారాలో సుమారు అన్ని సెంటీమీటర్లు రావాలి. రెండు మూడు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. బాగా తగ్గితే బిడ్డ ఎదుగుదలో ఉమ్మనీరో చూడాలి. మరీ ఎక్కువైతే షుగరు, కవలలు, నీరు పెరగడం, ఒక్కోసారి తేదీల లెక్క తప్పడం కూడా కారణం కావచ్చు. స్కాన్ తేలుస్తుంది. ఖర్చు లేని ఈ పరీక్షను స్కానింగుల మోజులో మనం చిన్నచూపు చూస్తున్నాం.

కాన్పయిన వెంటనే పొట్ట తగ్గలేదని బెంగపడనక్కర్లేదు. అప్పటికి గర్భసంచి ఇంకా బొడ్డు దగ్గరే ఉంటుంది. రెండు వారాల్లో కటిలోకి దిగి, ఆరు వారాలకు దాదాపు పాత పరిమాణానికి వస్తుంది. గుడ్డ బిగించి కట్టినంత మాత్రాన అది తొందరపడదు. బిడ్డకు పాలివ్వడం దానికి సాయపడుతుంది.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. వెళ్ళినప్పుడు టేపుతో కొలవమనండి, కార్డులో ఆ అంకె రాయించుకోండి, పోయినసారి అంకెతో పోల్చి చూడమని అడగండి. కడుపులో కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఏ తేదీ కోసమూ ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.