బీరు పాత్రలకు ఏ క్రిమిసంహారకము మేలు?

బ్రిటనులో 1963 నుండి సొంత వాడకమునకు ఇంటివద్ద బీరు చేసికొనుటకు లైసెన్సు అక్కరలేదు. అట్లు చేయువారికి తరచు ఎదురగు చిక్కు, బీరు చెడిపోవుట. దీనికి సూక్ష్మజీవులే కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1876లో వెలువరించిన గ్రంథమున వివరించెను.

బార్లీ మాల్టు రసమును మరగించినపుడు అందలి సూక్ష్మజీవులు చాలవరకు నశించును. అది చల్లారిన పిదపనే ప్రమాదము. పాత్రకో గొట్టమునకో అంటియున్న బాక్టీరియా అందు చేరినచో, ఈస్టుతోపాటు తామును పెరిగి బీరును పులుపెక్కించును.

కావున పాత్రను మొదట శుభ్రముగా తోమవలెను. మడ్డి మిగిలియున్నచో ఏ మందును దాని క్రిందికి చొరజాలదు. పిదప క్రిమిసంహారకమును వాడవలెను.

బ్లీచింగు ద్రావణము చౌకయే. కాని పాత్రలో మిగిలిన క్లోరిను మాల్టులోని ఫినాలులతో కలిసి క్లోరోఫినాలులను పుట్టించును. అవి లేశమాత్రమున్నను బీరు ఆసుపత్రి వాసన కొట్టును. పలుమార్లు కడిగినచో, ఆ నీటితోనే సూక్ష్మజీవులు మరల చేరవచ్చును.

అయొడోఫోరు ద్రావణములో పదిలక్షల పాళ్లకు 12.5 పాళ్ల అయొడిను చాలును. పాత్రను మరల కడుగ నక్కరలేదు. ద్రావణమును వంచివేసి ఆరనిచ్చిన చాలును. ఇది ప్లాస్టికుపై మరకలు వేయును. ద్రావణము రంగు పోయినచో దాని బలమును పోయినట్లే.

ఫాస్ఫారికామ్లముతో చేసిన మందు నురుగై సందులలోనికి చొచ్చుకొనిపోవును. తగుపాళ్లలో కలిపినచో, మిగిలిన నురుగు బీరును చెరుపదు.

కడుగ నక్కరలేని ఈ రెండే ఇంటివాడకమునకు మేలు. అయితే ఆమ్లపు మందును బ్లీచింగుతో ఎన్నడును కలుపరాదు. కలిపినచో విషవాయువగు క్లోరిను వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును. బీరు చెడినచో పారబోయవచ్చును. ఈ పొరపాటు ప్రాణముమీదికే వచ్చును.