మేస్త్రీ ఫోను మోగాలంటే

హైదరాబాద్ నుంచి ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు ఇప్పుడు చివరికి దిగేది షాలిమార్‌లో. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ అవతలి ఒడ్డున, హౌరా వైపు ఉంటుంది. మనకు స్టేషన్‌గా తెలిసిన ఈ పేరు అంతకు చాలా ముందే రంగు డబ్బాల మీద దేశమంతా తిరిగింది. 1902లో ఇద్దరు బ్రిటిష్ వ్యాపారులు హౌరాలో మొదలుపెట్టిన షాలిమార్ పెయింట్స్, మన దేశంలో పెద్ద ఎత్తున రంగులు తయారుచేసిన తొలి కంపెనీల్లో ఒకటి. 1923లో కలకత్తాలో హ్యాడ్‌ఫీల్డ్స్ అనే చిన్న కంపెనీ వచ్చింది. చేతులు మారి, పేర్లు మారి, 1983 నాటికి అదే బర్జర్ పెయింట్స్ ఇండియా అయింది.

విచిత్రమేమిటంటే, ఇన్ని దశాబ్దాలు రంగులమ్మిన కంపెనీలకు ఆ రంగు ఎవరింటి గోడ మీదికి చేరిందో తెలిసేది కాదు. డబ్బా డీలరుకు వెళ్లేది, డీలరు దగ్గర పెయింటర్ కొనేవాడు. ఫలానా వీధిలో ఫలానావారి అమ్మాయి పెళ్లి కుదిరిందనీ, ఇంటికి రంగులు వేయిస్తారనీ ముందుగా తెలిసేది మేస్త్రీకే. ఓనరు రంగు ఎంచుకుంటే, ఏ కంపెనీదో తేల్చేది మేస్త్రీ. అందుకే కంపెనీలు ఆయన్ని బుజ్జగించేవి. డబ్బాలో టోకెన్ పెట్టేవి. మూత తీయగానే పెయింటర్ ముందు వెతికేది దాన్నే. రంగు తుడిచి జేబులో వేసుకుని, సాయంత్రం షాపులో ఇచ్చి డబ్బు తీసుకునేవాడు.

ఇప్పుడు సీను మారింది. కంపెనీలు నేరుగా ఇంటివాళ్లనే పలకరిస్తున్నాయి. ఫోన్ నంబరు ఇస్తే చాలు, చక్కగా ఇన్‌షర్ట్ చేసుకున్న కుర్రాడు వస్తాడు. లేజర్‌తో గోడలు కొలుస్తాడు, మీటరు ఆనించి చెమ్మ ఎంతుందో చెబుతాడు, కొటేషన్ పంపిస్తాడు. బర్జర్‌కు ఎక్స్‌ప్రెస్ పెయింటింగ్ ఉంది, ఆసియన్ పెయింట్స్‌కు సేఫ్ పెయింటింగ్ సర్వీస్ ఉంది. 2024లో బిర్లా ఓపస్ వచ్చాక పోటీ ఇంకా ముదిరింది. ఇంతా చేసి గోడెక్కి బ్రష్ పట్టేది ఎవరు? తరచుగా ఆ పాత మేస్త్రీయో, అలాంటి మరొకరో. కాకపోతే పార్టీ ఆయనది కాదు, కంపెనీది. ఐదేళ్ల తర్వాత మళ్లీ రంగులు వేయించాలనుకుంటే ఆ ఇల్లాలికి గుర్తొచ్చేది కంపెనీ పేరే.

ఇందులో అన్యాయమేమీ జరిగిందనను. ఇంటివాళ్లకు బిల్లు దొరుకుతోంది, తేడా వస్తే అడగడానికి ఒక చోటు ఉంది. కానీ గృహ మరమ్మతుల కాంట్రాక్టరుగా బతకాలనుకునేవాడు గమనించాల్సింది ఒకటుంది. పనిమంతుడి చేయి మారలేదు, కస్టమరు నంబరు ఎవరి దగ్గర ఉందన్నదే మారింది. దాంతోపాటు రేటు పెట్టే అధికారమూ మారింది. వ్యాపార భాషలో లీడ్ అంటే ఆ నంబరే. ఇల్లు బాగుచేయించుకోవాలనుకుంటున్న మనిషి పేరు, చిరునామా, ఏ పని, ఎప్పటికి అన్న వివరాలు.

‘మంచిగా చేస్తే పని అదే వెతుక్కుంటూ వస్తుంది’ అని సీనియర్ మేస్త్రీలు అంటారు. సగం నిజం. కిరాణా కొట్టుకు వచ్చినవాడు వారంలో మళ్లీ వస్తాడు, క్షవరానికి వచ్చినవాడు నెలకు వస్తాడు. రంగులు వేయించినవాడు నాలుగైదేళ్లు ఇటు తొంగిచూడడు. బాత్రూమ్ టైల్స్ మార్పించినవాడైతే పదిహేనేళ్లకు కూడా రాకపోవచ్చు. పైగా పని ఎంత బాగా చేస్తే పార్టీ తిరిగి రావడానికి అంత ఆలస్యం! అంటే ఏటా కొత్త మొహాలు కావలసిందే. అవి వస్తాయిలే అని కూర్చోవడం వేరు, రప్పించుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకోవడం వేరు.

సీజన్ గొడవ ఒకటి. హౌరాలో దుర్గాపూజకు ముందు, మన దగ్గర దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాల ముందు అందరికీ ఒకేసారి రంగులు కావాలి. వానాకాలంలో బయటి గోడల పని దాదాపు నిలిచిపోతుంది. పది రోజులు గ్యాప్ వస్తే మేస్త్రీ ఎలాగో నెట్టుకొస్తాడు, ఆయన దగ్గరున్న ఆరుగురు కుర్రాళ్లు ఆగరు. మూడో రోజుకే వేరే సైటుకు వెళ్లిపోతారు. మళ్లీ పని దొరికేసరికి గోడకు పుట్టీ నున్నగా పెట్టగలిగిన చేయి ఉండదు, అడ్డా మీద దొరికినవాణ్ని తెచ్చుకోవాలి. ఎంక్వయిరీల కొరత అలా పని నాణ్యతలోకి దిగుతుంది.

పనికి ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో చూడాలంటే మళ్లీ షాలిమార్‌కే వెళ్లాలి. అక్కణ్నుంచి దక్షిణానికి బయల్దేరే రైళ్లలో బెంగాల్ కూలీలు, తాపీ పనివాళ్లు వస్తుంటారు. 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర బహనాగా బజార్‌లో ప్రమాదానికి గురైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆ మధ్యాహ్నం షాలిమార్‌లోనే బయల్దేరింది. 290 మందికి పైగా చనిపోయిన ఆ దుర్ఘటన తర్వాతే, బెంగాల్ పల్లెల నుంచి ఎంతమంది పనుల కోసం దక్షిణాదికి వస్తున్నారో చాలామందికి తెలిసింది. వీళ్లలో చాలామందికి ఎక్కడ పనుందో చెప్పేది, కూలీలను పనికి కుదిర్చే తమ ఊరి సర్దార్ ఒక్కడే. ఆయన ఫోను పలికితే పని, లేకపోతే లేదు. పని వచ్చే దారి ఒకటే అయినప్పుడు దారి చూపేవాడు చెప్పిందే కూలి. మన చిన్న కాంట్రాక్టర్లలో ఎందరో ఒకే బిల్డరు మీదో, ఒకే ఇంటీరియర్ డిజైనరు మీదో ఆధారపడి ఉన్న తీరు ఇంతకన్నా మెరుగేమీ కాదు. బిల్లు ఆరు నెలలు ఆపినా నోరెత్తలేరు.

మరి దారులు ఎక్కడ వెతకాలి? అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక ముచ్చటైన సంగతి చెప్పాడు. ఉద్యోగం గురించిన కొత్త కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందట. కారణం తేలిక. దగ్గరివాళ్లకు తెలిసినవన్నీ మనకూ తెలిసే ఉంటాయి. మేస్త్రీ బావమరిదీ మేస్త్రీయే, ఆయన మాత్రం పని ఎక్కణ్నుంచి తెస్తాడు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, శానిటరీ షాపు యజమాని, ఇళ్లు అద్దెకు చూపించే బ్రోకరు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ లారీ డ్రైవరు, వీళ్లకు తెలుస్తుంది ఏ ఇల్లు ఖాళీ అవుతోందో, ఎవరు కొత్తగా దిగుతున్నారో. వాచ్‌మన్‌కు ఇచ్చే ఐదొందలు దండగని గొణిగేవాళ్లను చూశాను. అది ప్రకటన ఖర్చు, అంతే.

వచ్చిన ఎంక్వయిరీ చేజారే తీరు కూడా చూడాలి. ఉదయం పదిన్నరకు ఫోను మోగుతుంది. మేస్త్రీ నిచ్చెన మీదున్నాడు, చేతినిండా పుట్టీ, ఎమ్రీ పేపరు దుమ్ముతో కళ్లు కూడా సరిగ్గా తెరవలేడు. చొక్కా జేబులో మోగి మోగి ఆగిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి తీరిగ్గా తిరిగి చేస్తే అవతలి ఆవిడ, ‘వేరేవాళ్లకు చెప్పేశామండీ’ అంటుంది. ఆవిడ మధ్యాహ్నంలోపే ముగ్గురికి చేసింది, ఎత్తినవాడికి ఇచ్చింది. ఇంట్లో భార్యో, చదువుకున్న కొడుకో ఆ ఫోను ఎత్తి, ‘రేపు సాయంత్రం ఐదింటికి వచ్చి చూస్తారండీ’ అన్నా సరిపోయేది.

ఒక నోటుబుక్కు పెట్టుకోవడం కూడా అలాంటి చిన్న జాగ్రత్తే. పార్టీ పేరు, ఫ్లాట్ నంబరు, పని పూర్తయిన నెల, హాలుకు ఏ షేడు కోడ్, బెడ్‌రూమ్‌కు ఏది, ఏ గోడకు చెమ్మ ఉంది. ఇంతే రాయాలి. మూడేళ్ల తర్వాత వానలు వెలిసిన వారంలో ఫోన్ చేసి, ‘అమ్మా, మీ వంటింటి వెనక గోడ పెచ్చులు లేస్తోందా?’ అని అడిగిన మేస్త్రీని ఎవరు కాదంటారు? పిల్లలు ఒక గోడ పాడుచేసినా, షేడు కోడ్ ఉంది కాబట్టి ఆ గోడ ఒక్కటీ మళ్లీ వేయవచ్చు.

ఇంటర్నెట్‌లో లీడ్లు అమ్మే సంస్థలూ ఉన్నాయి. 1996లో మొదలైన జస్ట్‌డయల్ ఫోన్ నంబర్లు చెప్పే పనితోనే పెరిగింది. వీటితో చిక్కేమిటంటే, ఒకే ఎంక్వయిరీ ఒకేసారి పలువురికి చేరవచ్చు. ఇక రేటు తగ్గించే పందెం మొదలు. అయినా వద్దనేయక్కర్లేదు, లెక్క వేసుకోవాలి. లీడ్‌కు 200 రూపాయలు పడుతుందనుకుందాం. పదింట రెండు పనులు కుదిరితే ఒక్కో పనికి 1,000 ఖర్చు. పని మీద 12,000 మిగిలే పెయింటర్‌కు అది లాభమే. కొళాయి మార్చి 400 తీసుకునే ప్లంబరుకు నిండా మునక. ఈ చిన్న లెక్క వేయకుండా డబ్బు కట్టేసి, ఆ తర్వాత ఆన్‌లైనే మోసమని తిట్టుకునేవాళ్లు చాలామంది. గూగుల్ మ్యాప్‌లో పేరు పెట్టుకోవడానికి పైసా అక్కర్లేదు, పని కాగానే పార్టీ చేత నాలుగు మాటలు రాయించుకుంటే చాలు.

ఎంక్వయిరీలు మితిమీరినా ముప్పే. మూడు చోట్ల అడ్వాన్సు పుచ్చుకుని, ఒకే జట్టును మూడు సైట్ల మధ్య తిప్పే కాంట్రాక్టర్ల బాధ పడని ఇల్లు మన ఊళ్లలో అరుదు. చేతినిండా పని ఉన్నప్పుడు ‘కార్తీకం దాకా కుదరదండీ’ అని తేదీ చెప్పి రాసుకోవడం కూడా పని రప్పించుకునే పద్ధతిలో భాగమే. అలా చెప్పినవాడి కోసం ఆగేవాళ్లున్నారు.

ఎంక్వయిరీలు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా బేరం దగ్గర తెలిసిపోతుంది. చదరపు అడుగుకు రెండు రూపాయలు తగ్గించమంటే, జేబులో ఇంకో రెండు ఎంక్వయిరీలున్న మేస్త్రీ, ‘ప్రైమర్ మానేస్తేనే ఆ రేటు కుదురుతుంది, మానేయమంటారా?’ అని అడగగలడు. ఏమీ లేనివాడు వెంటనే సరేనంటాడు. ఆ రెండు రూపాయలూ ప్రైమర్‌లో ఎక్కువ నీళ్లు కలిపి రాబట్టుకుంటాడు.