పడవకు మనమే వేసిన బెజ్జము

క్రొత్త పడవ కొని, దానికి చేజేతుల బెజ్జము వేయువాడుండునా యని శ్రోతలు నవ్వవచ్చును. కయాక్‌లో కూర్చుండి చేపలు పట్టువారికి ఈ పని తరచు తప్పదు. చేపల జాడ తెలిపెడి ఫిష్‌ఫైండరు తెర పైన నుండును. బ్యాటరీ లోపల నుండును. ధ్వనిని పంపెడి ట్రాన్స్‌డ్యూసరు నీటి చెంత నుండును. వీనిని కలుపు తీగలు పడవ పొట్టలోనికి దూరవలెను. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, 15 మీటర్ల లోతును తాకి మరలి వచ్చుటకు సెకనులో 50వ వంతు చాలును. ఇంత నేర్పుగల యంత్రమునకై వేసిన బెజ్జమును సరిగా మూయనిచో పడవకే ముప్పు.

మన తీరమునందలి దుంగల తెప్పకు ఈ చింత లేదు. దానిపైకి వచ్చిన నీరు సందులనుండి తానే పోవును. మూసిన పొట్టగల కయాక్‌లో చేరిన నీరు కంటికి కానరాదు. 20 లీటర్లు చేరినచో 20 కిలోల బరువు. అంతకంటె కీడు మరియొకటి కలదు: పడవ ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే ఆ నీరు పరుగిడి, దానిని మరింత ఒరిగించును.

బెజ్జము నీటిమట్టమునకు పైన నున్నది గదా యని ధీమాపడరాదు. ఎండలో వేడెక్కిన పడవను చల్లని నీటిలోనికి దింపగానే లోపలి గాలి ముడుచుకొని, పైబడిన అలల నీటిని సన్నని సందునుండి సైతము లోనికి పీల్చును.

పూర్వము ఇన్యూయిట్ స్త్రీలు కయాక్‌కై సీలు తోళ్లను కుట్టునపుడు, సూదిని తోలు ఆవలికి పోనీయక సగము మందములోనే నడిపెడివారు. మనకు ఆ వీలు లేదు. బెజ్జము ఆవలికి పోవలసినదే. పైగా నేటి కయాక్‌లలో పెక్కింటిని పాలిథిలీన్‌తో పోతపోయుదురు. దానికి జిగురు గట్టిగా అంటదు. సిలికోన్ పూసి ఊరకొన్నవాని పూత కొన్నాళ్లకు పొరవలె ఊడివచ్చును. కావున ఇచట నమ్మదగినది అంటించుట కాదు, అదుముట.

అందులకు విద్యుత్ పనివారు వాడు గ్లాండు తగినది. బెజ్జపు అంచులను నునుపుచేసి, పైన రబ్బరు వాషరు నుంచి, లోపలినుండి నట్టు బిగింపవలెను. లోపలికి చేయి అందు చోటనే బెజ్జము వేయవలెనని వేరుగ చెప్పనేల! గ్లాండు టోపీని త్రిప్పగా లోని రబ్బరు తీగ చుట్టును బిగియును. ఒక గ్లాండులో రెండు తీగలు దూర్చినచో వాని నడుమ సందు మిగులును. ప్లగ్గు పెద్దదని తీగను కోయరాదు; చీలిక గల రబ్బరు గ్లాండులు దొరకును. ఒత్తిడికి ఈ ప్లాస్టిక్ మెల్లగా సాగును గనుక, కొన్ని దినములకు నట్టును మరల చూడవలెను.

పాత ఇండ్లలో రేడియో ఏరియల్ తీగను కిటికీ వెలుపల కొంత క్రిందికి వంచి లోనికి తెచ్చెడివారు. వాన నీరు ఆ వంపున జారిపోయెడిది. ఇచటను అట్టి వంపు మేలు చేయును.

ట్రాన్స్‌డ్యూసరును పడవ అడుగున లోపలివైపుననే, గాలిబుడగ లేకుండ జెల్లులో కూర్చినచో దానికై పడవ అడుగున బెజ్జము అక్కరలేదు. ధ్వని కొంత తగ్గును. నీటి ఉష్ణోగ్రత సరిగా తెలియదు. నాకు ఈ నష్టము స్వల్పముగనే తోచును.

పని ముగిసిన పిమ్మట గ్లాండుపై సబ్బునీరు పోసి, నీరు తీయు రంధ్రమునుండి నోటితో మెల్లగా ఊదవలెను. బుడగ లేచినచో సందున్నట్లే. తొలినాడు ఒడ్డు విడువక అరగంట త్రిప్పి, మూత తీసి, పొడిగుడ్డతో లోపల తడిమి చూచుట మంచిది.