రూపాయి బిళ్లంతే... జానెడవుతుంది!

నంద్యాలలో కొన్నప్పుడు ఏంజెల్ చేపపిల్ల రూపాయి బిళ్లంతే. కవర్లో ఆళ్లగడ్డ తెచ్చి గాజుగిన్నెలో వేసేస్తాం. పెరిగితే రెక్కలతో కలిపి జానెడు ఎత్తు! అడుగున్నర ఎత్తు తొట్టి కావాల్సిందే.

కొత్త తొట్టిలో అదేరోజు చేపల్ని వదిలితే చాలావరకు చచ్చిపోతాయి. వాటి విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని హరించే బ్యాక్టీరియా ఫిల్టర్లో పెరగడానికి నెలైనా పడుతుంది. ఆ ఓపికే ఎవరికీ ఉండదు!

అమెజాన్ చేప కదా, 24 నుంచి 28 డిగ్రీలైతే హాయి. మన ఎండలేమో 40 దాటతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి జాలీ వేసి, నీళ్లమీదకి ఫ్యాన్ తిప్పండి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్‌పంపు.

ఆళ్లగడ్డ శిల్పంలా కదలకుండా నిల్చున్నా వేటచేపే... నియాన్ టెట్రాల్ని మింగేస్తుంది. పెంచలేకపోతే దుకాణానికే తిరిగివ్వండి, కుందూలో మాత్రం వదలొద్దు.