విడుదలైన ఖైదీల పునరావాసం: ప్రభుత్వ నిధులు

శిక్ష ముగిసి జైలు నుంచి బయటికి వచ్చిన వ్యక్తికి ముందుగా కావలసినవి ఉండటానికి చోటు, చేయడానికి పని, గుర్తింపు పత్రాలు. ఇవి దొరకకపోతే అతడు మళ్లీ నేరం వైపు మళ్లే ప్రమాదం ఉంటుంది. అందువల్ల పునరావాసంపై చేసే ఖర్చును దానంగా కాక, ప్రజల భద్రత కోసం చేసే వ్యయంగా పరిగణించాలి.

అమెరికాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ 2008 ఏప్రిల్ 9న 'సెకండ్ ఛాన్స్' చట్టం వచ్చింది. దీని కింద కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తుంది. వీటిని ఉద్యోగ శిక్షణ, వసతి, మత్తు వ్యసనాల చికిత్స వంటి సేవలకు వినియోగిస్తారు.

అయితే ఒక విషయం గమనించాలి. ఈ చట్టం ఖర్చుకు అనుమతి మాత్రమే ఇస్తుంది. డబ్బును ఆ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్ ఏటా విడిగా కేటాయించాలి. ఈ కేటాయింపు 2009 ఆర్థిక సంవత్సరంలో 2.5 కోట్ల డాలర్లు, 2010లో 10 కోట్ల డాలర్లు. ఇలా పెరిగిన మొత్తం మరో ఏడాది తగ్గవచ్చు కూడా. గ్రాంటుపైనే నడిచే వసతి గృహానికి నిధులు ఆగిపోతే, అందులో ఉన్నవారు వీధిన పడతారు. కనుక పునరావాస విధానాన్ని అంచనా వేసేటప్పుడు చట్టంతో పాటు బడ్జెట్ కేటాయింపులను కూడా పరిశీలించాలి.