హద్దు దాటిన హెంపు

సోదరీమణులారా! ఒకచోట అంగడిలో అమ్మెడి సరకు హద్దు దాటినంతనే నేరమగుట వినుటకు వింతగా నుండును. అయినను, పరదేశములందున్న బిడ్డలను చూడబోవు తల్లులును, ఇంటి పెద్దల మోకాళ్ల నొప్పులకని అక్కడినుండి నూనెసీసాలు తెచ్చు కోడండ్రును నేడు మనలో పెక్కుమంది కలరు. కావున ఈ సంగతి మనకు దూరమైనది కాదని తలచి వ్రాయుచున్నాము.

ముందుగా పేరు సంగతి తెలిసికొందము. ఇంగ్లీషువారు మన జనుమును, గోగును గూడ ఒకవిధమైన హెంపనియే చెప్పుదురు. అవి వేరు జాతులు. వానియందు మత్తు లేదు. మేము చెప్పబోవు హెంపు గంజాయి జాతిలోనిదే. ఆకు అట్టిదే, వాసన అట్టిదే. భేదమెల్ల టి.హెచ్.సి. యను మత్తు పదార్థము ఎంత యున్నదను దానిలోనే కలదు. అది మిక్కిలి స్వల్పముగా నుండు రకమును నారకును, గింజలకును, నూనెకును పెంచుదురు. అమెరికాలో 2018 డిసెంబరున చేసిన వ్యవసాయ చట్టము, ఎండిన మొక్కలో ఆ పదార్థము నూటికి 0.3 వంతు మించనిచో అది మత్తుమందు కాదని నిర్ణయించెను.

నెల దాటినదో లేదో, 2019 జనవరిలో, ఒక లారీ ఆరిగన్ నుండి కొలరాడోకు హెంపు నెత్తుకొని బయలుదేరెను. త్రోవలో ఐడహో రాష్ట్రము కలదు. అప్పటి అక్కడి చట్టము ననుసరించి టి.హెచ్.సి. లేశమున్నను అది గంజాయియే. బోయిసీ నగరము చెంత బండ్లను తనిఖీ చేయుచోట లారీ నిలిచెను. కాగితములలో హెంపనియే వ్రాసియుండెను, దాచినదేమియు లేదు. పోలీసులు అప్పటికప్పుడు చేయు పరీక్ష మత్తు పదార్థము కలదని చెప్పును గాని, ఎంత కలదో చెప్పజాలదు. సుమారు 6,700 పౌండ్లు, అనగా 3,000 కిలోలకు పైబడిన సరకు జప్తయ్యెను. డ్రైవరును చెరలో నుంచిరి. మోపిన నేరము రుజువైనచో ఐదేండ్లకు తక్కువ కాని శిక్ష పడవలసియుండెను.

సరకుగలవారు న్యాయస్థానమున కెక్కి, రాష్ట్రములు హెంపును త్రోవలో అడ్డగింపరాదని క్రొత్త చట్టమే చెప్పుచున్నదని వాదించిరి. ఆ రక్షణ క్రొత్త నియమముల క్రింద పండిన పైరుకే గాని, ఆ నియమములు ఇంకను ఏర్పడలేదుగదా యని న్యాయాధికారి వెంటనే సరకు నిప్పింప నిరాకరించెను. తుదకు డ్రైవరు చిన్న నేరము నొప్పుకొని పెద్ద శిక్షను తప్పించుకొనెను. 2019 నవంబరులో ఐడహో గవర్నరు హెంపు రవాణాకు త్రోవ విడిచెను. 2021లో ఆ రాష్ట్రము పంటకును అనుమతి నిచ్చెను. చట్టము ముందు వచ్చినది, నియమములు వెనుక వచ్చినవి. ఆ నడిమి కాలమున చిక్కినవాడు కూలికి బండి తోలువాడు.

2019లోనే వెర్మాంటు నుండి న్యూయార్కు నగరమునకు వచ్చిన 106 పౌండ్ల హెంపును గంజాయియని పోలీసులు పట్టుకొనిరి. దానిని తీసికొనిపోవ వచ్చినవానిని నిర్బంధించి, పిమ్మట అభియోగములను విడిచిపెట్టిరి.

ఇవి ఒకే దేశములోని హద్దులు. దేశము దాటినపుడు చిక్కు మరింత గట్టిది. హెంపునుండి తీయు సి.బి.డి. యను సారము మత్తు కలిగింపదు. చెక్ దేశమున న్యాయముగా తయారైన ఆ సారమును ఫ్రాన్సు ఊరక నిషేధింపరాదని యూరపు న్యాయస్థానము 2020 నవంబరులో తీర్పు చెప్పినది. హాంకాంగులోనో, 2023 ఫిబ్రవరి 1వ తేదీనుండి అదే సారము నిషిద్ధమైనది. దగ్గర నుంచుకొన్నందుకే ఏడేండ్ల వరకు చెర విధింపవచ్చును. అమెరికాలో సయితము 2025 నవంబరున మరియొక చట్టము చేసి హెంపు హద్దును ఇంకను బిగించిరి. కావున నిరుటి మాట నమ్మి ఈ యేడు బయలుదేరరాదు.

మన దేశమున గంజాయి 1985 నాటి మత్తుమందుల చట్టమునకు లోబడినది. హెంపు గింజలను, గింజల నూనెను, పిండిని ఆహారముగా అమ్ముటకు 2021 నవంబరులో నియమము లేర్పడినవి. పూవులనుండి తీసిన సారము ఆ యనుమతిలో చేరదు. రెండును సీసాలో నూనెగానే కనబడును; పేరును నొకటే. తెలియక తెచ్చినవారికి కష్టము ఇక్కడనే వచ్చును.

ప్రయాణమగు సోదరీమణులు బయలుదేరు దేశము, నడుమ విమానము మారు దేశము, చేరు దేశము, ఈ మూడింటి నియమములను ముందే విచారింపవలెను. అంగడివాడు “ఇది చట్టసమ్మతమే” యన్నచో, అది ఆ అంగడి యున్న చోటికే చెల్లు మాట. సీసాపై గింజల నూనె యని స్పష్టముగా వ్రాసియున్నదా, పరీక్షాపత్రము కలదా చూడవలెను. పత్రమున్నను నిషేధమున్న దేశమున అది రక్షింపదు. ఇతరులిచ్చిన పొట్లములను విప్పి చూడక పెట్టెలో నుంచుకొనరాదు. సందేహమున్నచో ఆ సీసాను విడిచిపోవుటయే మేలు. మోకాళ్ల నొప్పికి మందు మన యూరిలోనే దొరకును; పరదేశపు చెరలో చిక్కిన బిడ్డను విడిపించుట అంత సులభము కాదు.